తోక లేని ఎలుక!

“అన్నా, తీగ లేని మౌసు గేములకు ఆగుతుందా?” అని రామగుండం తమ్ముళ్లు ఒకటే అడగడం. సరే, లాజిటెక్ జీ304తో నెల్లాళ్లు ఆడి చూశాను. 2018లో విదేశాల్లో జీ305గా విడుదలైంది ఇదే. దీని సెన్సారు పేరే ‘హీరో’! పేరు నిలబెట్టుకుంది. మిల్లీసెకనుకోసారి కంప్యూటర్‌కు కబురందిస్తుంది. సినిమాలో ఒక్క ఫ్రేముకే దాదాపు 42 మిల్లీసెకన్లు! ఇంక ఆలస్యమెక్కడ?

ఒక్క పెన్సిల్ సెల్లుతో 250 గంటలని కంపెనీ మాట. సెల్లుతో కలిపి 99 గ్రాములు. సెల్లు వెనకవైపు ఉంటుంది కనుక బరువంతా అటే. చెయ్యి విసిరి ఆడేవాళ్లకు సెకండాఫ్ కాస్త బరువే మరి! లిథియం సెల్లు వేస్తే కొంత తేలిక.

రిసీవర్‌ను డబ్బా వెనక దాచకండి, మౌసు దగ్గరగా పెట్టండి. మనది బొగ్గు దుమ్ము ఊరు, వారానికోసారి సెన్సారు కన్ను తుడవండి. ఆఫీసు మౌసుతో ఓడి తీగలేని జాతినంతా తిట్టకండేం!