వీధిలో సమాన వాటా

హైదరాబాద్ నగరం మరొక పండుగల సంవత్సరాన్ని దాటి వచ్చింది. 2025 జనవరి 3న నాంపల్లి మైదానంలో నుమాయిష్ తలుపులు తెరచుకోవడంతో మొదలైన ఆ ఏడాదిలో రంజాన్ మాసపు తరావీహ్ నమాజులు, హోలీ రంగులు, మార్చి 30న ఉగాది, మరునాడే ఈదుల్ ఫిత్ర్, ఏప్రిల్‌లో శ్రీరామనవమి, హనుమాన్ జయంతి శోభాయాత్రలు వరుసగా వచ్చాయి. మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు, జూన్‌లో బక్రీద్, ఆషాఢంలో బోనాలు, జూలై 6న యౌమె ఆషూరా, ఆగస్టు చివర వినాయక చవితి, సెప్టెంబరులో మీలాదున్నబీ, ఆపై బతుకమ్మ, దసరా, దీపావళి జరిగాయి. ఇన్ని వేడుకలు ఇవే వీధులలో, ఇవే చౌరస్తాలలో, ఇదే పోలీసు యంత్రాంగం పర్యవేక్షణలో పెద్ద అవాంఛనీయ ఘటనలు లేకుండా గడిచిపోవడం చిన్న విషయం కాదు. ఇందుకు అన్ని మతాల పౌరులనూ, రాత్రింబవళ్లు విధులు నిర్వర్తించిన పారిశుధ్య కార్మికులనూ, పోలీసు సిబ్బందినీ మేము మనసారా అభినందిస్తున్నాము. అయితే అభినందనతో సరిపెట్టుకోవడం మా పత్రిక ధర్మం కాదు. ఈ శాంతి ఏ ప్రాతిపదికపై నిలిచి ఉన్నది, దానికి ఎవరెవరు ఎంతెంత మూల్యం చెల్లించారు అన్నది కూడా విచారించవలసి ఉన్నది.

యూసుఫ్‌గూడనే ఉదాహరణగా తీసుకుందాం. అమీర్‌పేట, పంజాగుట్టలకు కూతవేటు దూరంలో ఉన్న ఈ పేటలో నగరపు సాంస్కృతిక జీవితం మొత్తం ఒక చిన్న పటంలా కనిపిస్తుంది. పక్కనే కృష్ణానగర్‌లో సినిమా కార్మికులు, రహమత్‌నగర్, బోరబండలలో వేలాది ముస్లిం కుటుంబాలు, కొద్ది దూరంలో బల్కంపేట ఎల్లమ్మ ఆలయం, నడుమ కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం, పోలీసు బెటాలియన్ మైదానం. 2025లో ఎల్లమ్మ కల్యాణం జూలై 1న జరిగింది. అవి మొహర్రం తొలి దినాలు. ఒక వీధిలో బోనం, మరొక వీధిలో మజ్లిస్ జరిగిన రోజులవి. ఆగస్టు 10న పోలీసు మైదానంలో ‘వార్ 2’ చిత్రం ప్రీ రిలీజ్ వేడుక జరిగింది. నవంబరు 14న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ఓట్ల లెక్కింపు ఇదే స్టేడియంలో జరిగింది. భక్తులైనా, అభిమానులైనా, రాజకీయ కార్యకర్తలైనా జనసమూహం వచ్చినప్పుడు వీధి చోటు ఇవ్వవలసిందే. ఆ పూట అంగడి మూసుకునే చిరువ్యాపారి, దారి మళ్లిన ఆటో డ్రైవరు, ఆసుపత్రికి ఆలస్యమైన రోగి అన్ని మతాలలోనూ ఉన్నారు. సినిమా వేడుక కోసం సర్దుకునే నగరం మత వేడుక విషయంలో ఏ కొలతతో సర్దుకుంటుంది? ఆ కొలత అందరికీ ఒక్కటేనా? మా ప్రశ్న ఇది.

గత మూడేళ్ల మీలాద్ చరిత్రను పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 2023లో మీలాదున్నబీ, గణేశ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. ముస్లిం పెద్దలు, నిర్వాహక కమిటీలు ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లో మీలాద్ సెప్టెంబరు 16న, నిమజ్జనం 17న వచ్చాయి. ఊరేగింపు 19కి జరిగింది. 2025లో మీలాద్ సెప్టెంబరు 5న, నిమజ్జనం 6న వచ్చాయి. ఊరేగింపు 14కి జరిగింది. ఆ చివరి మీలాద్ సామాన్యమైనది కాదు. హిజ్రీ లెక్క ప్రకారం ప్రవక్త ముహమ్మద్ (స) జన్మించి 1500 సంవత్సరాలు పూర్తయిన సందర్భమది. అంతటి సందర్భంలోనూ నగర శాంతి కోసం తేదీ మార్చుకున్నారు. మీలాద్ ఊరేగింపుల ఔచిత్యంపై మన జమాఅత్‌ల మధ్య, ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే. ఆ చర్చ వేరు. ఊరేగింపులో పాల్గొనేవారైనా, పాల్గొననివారైనా గుర్తించవలసినది ఒక్కటే: ఒక సమాజం తన హక్కును మూడేళ్లపాటు స్వచ్ఛందంగా వెనక్కి జరుపుకున్నది.

ఈ వరుస కలయిక యాదృచ్ఛికం కాదు. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులు. తెలుగు పంచాంగపు నెలలు కూడా చంద్రుని అనుసరించేవే. అయితే ఋతువులతో పొత్తు కుదరడానికి అందులో రెండున్నర, మూడేళ్లకొకసారి అధిక మాసం చేరుతుంది. అందువల్ల ఒక హిజ్రీ నెల ఒక తెలుగు నెలతో రెండు మూడేళ్లు జంటగా నడిచి, అధిక మాసం రాగానే దానిని విడిచి ముందు నెలతో జతకడుతుంది. 2023 అధిక శ్రావణం తరువాత రబీఉల్ అవ్వల్, భాద్రపదం జంట అయ్యాయి. మీలాద్ ఆ నెల 12వ తేదీ, అనంత చతుర్దశి 14వ తిథి. కనుక రెండూ పక్కపక్కనే పడ్డాయి. ఉగాది, ఈద్ వరుస రోజులలో రావడానికీ కారణమిదే. ఒకటి చైత్రపు తొలి దినం, మరొకటి షవ్వాల్ తొలి దినం, ఆకాశంలో కనిపించే నెలవంక ఒక్కటే. 2026లో అధిక జ్యేష్ఠం వస్తున్నది. ఈసారి మీలాద్ ఆగస్టు చివరి వారానికి జరుగుతుంది, వినాయక చవితి సెప్టెంబరు 14న వస్తుంది. మళ్లీ ఈ రెండు నెలలు కలవడానికి సుమారు మూడు దశాబ్దాలు పడుతుంది.

అంటే సమస్య తీరిపోయినట్లేనా? కాదు. ఈ మూడేళ్ల సర్దుబాటును నగరం ఏ పేరుతో గుర్తుంచుకుంటుందన్నది ఇప్పుడే నిర్ణయం కావాలి. దానిని ఔదార్యంగా నమోదు చేసుకుంటే అది నగరానికి ఆస్తి అవుతుంది. ‘వారు ఎప్పుడూ జరుపుకుంటారు లెండి’ అనే అలవాటుగా మార్చుకుంటే అది ఒక సమాజంపై శాశ్వత భారం అవుతుంది. ఒకసారి ప్రేమతో ఇచ్చిన దారి రెండోసారి ఆనవాయితీ అవుతుంది, మూడోసారి శాసనమవుతుంది. మైనారిటీల హక్కులు చాలాచోట్ల ఇలాగే, ఎవరూ లాక్కోకుండానే కరిగిపోయాయి.

ఉత్తరాదిలో జరుగుతున్నది మన కళ్లముందున్నది. 2025 మార్చి 14న హోలీ రంజాన్ శుక్రవారం నాడు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో ఒక పోలీసు అధికారి, శుక్రవారాలు ఏడాదికి 52 వస్తాయనీ హోలీ ఒక్కసారే వస్తుందనీ, రంగులు ఇష్టం లేనివారు ఇంటనే ఉండాలనీ బహిరంగంగా సెలవిచ్చారు. సంభల్‌లోనూ షాజహాన్‌పూర్‌లోనూ మస్జిద్‌లకు టార్పాలిన్లు కప్పారు. హైదరాబాద్ అటువంటి నగరం కాదని మనం గర్వంగా చెప్పుకుంటాము. అయినా 2024 ఏప్రిల్‌లో శ్రీరామనవమి శోభాయాత్రకు ముందు సిద్దిఅంబర్ బజార్ మస్జిద్‌కు తెల్లని గుడ్డ కప్పవలసి వచ్చిన సంగతి మరువరాదు. గుడ్డ కప్పినవారి ఉద్దేశం రక్షణే కావచ్చు. కాని ప్రార్థనా మందిరాన్ని కప్పవలసి వచ్చిందంటే, దానిని చూసి రెచ్చిపోయేవారిని ఆపలేమని వ్యవస్థ ఒప్పుకున్నట్లే కదా! అదుపు చేయవలసినది రంగు చల్లే చేతిని, రాయి విసిరే చేతిని. గోడను దాచడం అందుకు ప్రత్యామ్నాయం కాజాలదు.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. రాజ్యాంగపు 14వ అధికరణం సమానత్వాన్ని, 19వ అధికరణం శాంతియుతంగా గుమికూడే హక్కును, 25వ అధికరణం మత స్వేచ్ఛను ప్రసాదించాయి. అంతకు పూర్వమే, దాదాపు నూరేళ్ల క్రితం, మంజూర్ హసన్ కేసులో ప్రివీ కౌన్సిల్ రాజమార్గంపై మత ఊరేగింపు జరుపుకునే హక్కు ప్రజలకున్నదని తీర్పునిచ్చింది. అయితే అధికారుల న్యాయమైన ఆదేశాలకు అది లోబడి ఉండాలనీ, ఇతరుల రాకపోకలకు భంగం కలిగించరాదనీ షరతు విధించింది. ఆ వివాదం ముస్లింలలోని రెండు వర్గాల మధ్య మొహర్రం ఊరేగింపుపై వచ్చినది కావడం గమనార్హం. మన ఇంటి తగవులోనూ, పొరుగింటితో తగవులోనూ వర్తించే సూత్రం ఒక్కటే. హక్కు ఉన్నది, దానికి హద్దు కూడా ఉన్నది. ఆ హద్దు ఎదుటివానికి ఎంతో మనకూ అంతే.

కనుక మన యువకులతో ఒక మాట స్పష్టంగా చెప్పదలచాము. 2024 అక్టోబరు ఆరంభంలో నగర పోలీసు కమిషనర్ మత ఊరేగింపులలో డీజేలను, బాణసంచాను నిషేధించారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లపై ఆంక్షలున్నాయి. ఈ నియమాలు గణేశ మండపాలకు వర్తించినట్లే మీలాద్ జులూస్‌లకూ వర్తిస్తాయి. పసిపిల్లను, వృద్ధురాలిని, పరీక్షకు చదువుకుంటున్న విద్యార్థిని ఇబ్బంది పెట్టే హోరుకు, సైలెన్సర్ తీసిన మోటారు సైకిళ్లకు దీన్‌లో స్థానం లేదు. దారిలోని అడ్డును తొలగించడం ఈమాన్‌లో భాగమని నేర్పిన ప్రవక్త (స) పేరిట దారికి మనమే అడ్డు నిలువడం ఎట్లా సమంజసం? సమాన హక్కును అడిగే నోరు సమాన నియమాన్ని పాటించే కాలుతో కలిసి నడవాలి. అప్పుడే మన మాటకు బరువు ఉంటుంది.

ఈ నగరపు స్వభావం కూడా కలిసి నడవడమే. కుతుబ్‌షాహీల కాలం నుండి వస్తున్న బీబీ కా ఆలం ఆషూరా నాడు దబీర్‌పురా నుండి ఏనుగుపై బయలుదేరి చాదర్‌ఘాట్ చేరుతుంది. జంతు ప్రదర్శనశాలకు చెందిన రజని అనే ఏనుగు కొన్నేళ్లు మొహర్రంలో ఆలంను, బోనాలలో ఘటాన్ని మోసింది. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగను హిందువులు తమ పండుగగా జరుపుకోవడం నేటికీ చూస్తున్నాము. మే 13న ప్రపంచ సుందరి పోటీదారులు చార్మినార్ చూసి, లాడ్‌బజార్‌లో లక్క గాజులు తొడుక్కున్నారు. ఆ గాజులకు 2024లో, హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన వంట, మన చేతిపని నగరానికి అలంకారాలు కావడం సంతోషమే. అయితే సమాజపు రుచిని ఆరగించి, దాని హక్కు ప్రస్తావన రాగానే ముఖం తిప్పుకునే ఆదరణ ఆదరణ కాదు.

దీనికి యూసుఫ్‌గూడ పరిసరాలలోనే నిదర్శనమున్నది. ఉప ఎన్నిక ప్రచారంలో ఇక్కడి ముస్లింలకు ఖబరస్తాన్ స్థలం ఒక ప్రధానాంశమై నిలిచింది. పండుగ వస్తే నాయకుల శుభాకాంక్షల ఫ్లెక్సీలు వీధి వీధినా వెలుస్తాయి, ఇఫ్తార్ విందులు జరుగుతాయి. అదే వీధిలో ఒక పేదవాడు కన్నుమూస్తే జనాజాను ఏ ఖబరస్తాన్‌కు తీసుకువెళ్లాలో తెలియక బంధువులు తల్లడిల్లవలసిన దుస్థితి ఏమిటి? వేడుకకు ఒక రోజు వీధిని ఇవ్వడం సులభం, శాశ్వతంగా ఆరడుగుల నేలను ఇవ్వడం కష్టమని పాలకులు భావిస్తున్నారా? ఓట్ల లెక్కింపు ముగిసింది. వాగ్దానాల లెక్కింపు ఇంకా మిగిలి ఉన్నది.

కర్తవ్యం ఏమిటి? పంచాంగం, హిజ్రీ లెక్కలు ఏళ్లకు ముందుగానే తెలిసినవి. నెలవంక వల్ల ఒకటి రెండు రోజుల తేడా మాత్రమే వస్తుంది. 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారానికి జరిగి నుమాయిష్ చివరి రోజులను తాకుతుంది. ఆ ఏడాది మహాశివరాత్రి రంజాన్ ఆఖరి దినాలలో వస్తుంది. జాగరణ, తరావీహ్ ఒకే రాత్రి జరుగుతాయి. ఈ సంగతి తెలిసి కూడా పండుగకు వారం రోజుల ముందు హడావిడిగా శాంతి కమిటీలు పిలవడం ఎందుకు? ప్రతి సంవత్సరారంభంలో పోలీసు శాఖ, మునిసిపల్ యంత్రాంగం, అన్ని మతాల నిర్వాహకులు ఒకేచోట కూర్చుని ఏడాది వేడుకల పట్టికను సిద్ధం చేసి ప్రకటించాలి. అనుమతి షరతులు లిఖితపూర్వకంగా, అందరికీ ఒకే నమూనాలో ఉండాలి. ఏ సమాజం ఏ సంవత్సరం తేదీ మార్చుకున్నదో ఆ పట్టికలో నమోదు కావాలి. ముందు ముందు అవసరం వచ్చినప్పుడు సర్దుబాటు వంతు ఎవరిదో ఆ నమోదే చెబుతుంది. వీధి దీపాలు, తాగునీరు, పారిశుధ్యం మండపానికి, మస్జిద్‌కు, చర్చికి ఒకే ప్రమాణంలో అందాలి. ప్రార్థనా మందిరాలకు గుడ్డలు కప్పే పరిస్థితి తొలగిపోవాలి.

మస్జిద్ కమిటీలకు, మొహల్లా పెద్దలకు మా విజ్ఞప్తి: ఈ సంవత్సరం పండుగ సమావేశాలకు పిలుపు కోసం ఎదురుచూడకండి. ఇప్పుడే వినతిపత్రం రాసి, మీ ఠాణాకు, మీ మునిసిపల్ కార్యాలయానికి అందజేసి, రసీదు తీసుకోండి. మీ పొరుగు మండపం నిర్వాహకుల సంతకం కూడా దానిపై సంపాదించగలిగితే మరీ మంచిది. మూడేళ్లు మనం దారి ఇచ్చాము, దానికి మేము విచారించడం లేదు. ఆ దారిలో మన వాటా ఎంతో కాగితంపై ఉండాలని మాత్రమే కోరుతున్నాము.