మనిషితో పాటు హక్కులూ వలస వెళ్తాయా?

సూరత్ జిల్లా పల్సానాలోని ఒక జౌళి మిల్లులో పని దొరికి, అక్కడే స్థిరపడాలనుకునే తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణ ప్రకారం అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి హక్కులన్నీ వారి వెంటే వస్తాయా?

ఓటు దానంతటదే రాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు; రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదు. ఫారం 8 ద్వారా బదిలీ చేసుకోవడం ఆ కుటుంబం బాధ్యత.

రేషన్ నయం. 2019 ఆగస్టులో తెలంగాణ-ఆంధ్రప్రదేశ్, గుజరాత్-మహారాష్ట్ర జంటలతో మొదలైన 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' నేడు దేశమంతటా అమల్లో ఉంది. పాత కార్డు అక్కడా చెల్లుతుంది.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మాత్రం అసలు చిక్కు రిజర్వేషన్. మర్రి చంద్రశేఖరరావు కేసు (1990)లో, తండ్రి ఉద్యోగరీత్యా ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లిన విద్యార్థికి మహారాష్ట్రలో ఎస్టీ కోటా వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. వెనుకబాటుతనం రాష్ట్రానికో తీరుగా ఉంటుందన్నది కోర్టు తర్కం. అందులో న్యాయం ఉంది. కానీ వలస వెళ్లిన చోటే పుట్టి, అక్కడే చదివిన రెండో తరానికి సొంత రాష్ట్రం కోటా ఎంతవరకు అక్కరకొస్తుంది?

నిజం చెప్పి దరఖాస్తు చేయడం కుటుంబం వంతు. ఆ దారి సులువు చేయడం ప్రభుత్వం వంతు. రేషన్ విషయంలో అది సాధ్యమేనని తేలింది. కాబట్టి మీ వ్యాసంలో వలస కష్టాల జాబితాతో ఆగకండి. ఏ హక్కు మనిషి వెంట నడుస్తుంది, ఏది రాష్ట్ర సరిహద్దులో ఆగిపోతుంది, ఎందుకు ఆగుతుంది అన్నది విడదీసి రాయండి.