చాప పరిచి చూశాకే బేరం

సెకండ్ హ్యాండ్ వ్యాను కొనడానికి వెళ్లినవాళ్లు ఏం చేస్తారు? చుట్టూ ఓసారి తిరుగుతారు. టైరును కాలితో తంతారు. తలుపు ధడాలున వేసి ఆ చప్పుడు విని ‘బాడీ గట్టిదే’ అంటారు. స్టీరింగ్ ముందు కూర్చుని ఓ రౌండు కొట్టొస్తారు. ఇక బేరం మొదలు. రోజూ కొట్టుకో ఆఫీసుకో తిరిగే బండికైతే ఈ తతంగం కొంతవరకు సరిపోతుందేమో. ఏడాదికి నాలుగైదుసార్లు పిల్లాపాపలతో ఊళ్లు తిరిగి, అవసరమైతే ఓ రాత్రి అందులోనే నడుం వాల్చాలనుకునేవారికి మాత్రం చాలదు. వాళ్లు బండిలో పడుకుని చూడాలి.

నవ్వొస్తే రానివ్వండి. వెళ్లేటప్పుడు ఓ చాప, కొలత టేపు వెంట తీసుకెళ్లండి. ఇంట్లో అందరికన్నా పొడుగాయన్ని కూడా! వెనక సీటు మడిస్తే నేల చదునుగా పడుతుందా, మధ్యలో మెట్టులా లేస్తుందా? కాళ్లు చాపితే తలుపుకు తగులుతున్నాయా? ఇవన్నీ యజమాని ముందే తేల్చుకోవాల్సిన సంగతులు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ చేయూత లేకుండా ఎక్కగలదా అన్నది మైలేజీకన్నా పెద్ద ప్రశ్న.

రాత్రిపూట బండిలో ఉండాల్సిన ఖర్మేమిటి అంటారా? హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు వస్తుంది. ముందున్నది పులుల అడవి కాబట్టి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. తొమ్మిదీ పదికి చేరినా తెల్లవార్లూ జాగారమే. లంబసింగి మంచు చూడాలంటే సూర్యుడికన్నా ముందే అక్కడుండాలి. చలికాలం శని, ఆదివారాల్లో అక్కడ గది దొరికితే అదృష్టమే. ఇలాంటి చోట్ల చాప పరిచే జాగా ఉన్న బండి హాయినిస్తుంది.

మన రోడ్ల మీద నలుగురికీ తెలిసిన వ్యాన్లు రెండే. మారుతి ఓమ్ని 1984 నుంచి మూడున్నర దశాబ్దాలు నడిచి 2019లో ఆగిపోయింది. చవగ్గా దొరుకుతుంది, ఏ ఊళ్లోనైనా మెకానిక్ ఉంటాడు. కానీ 796 సీసీ ఇంజనుతో ఆరుగురినీ సామాన్లనీ వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కడమంటే ఓపిక కావాలి. పైగా డ్రైవరు మోకాళ్లకూ ఎదుటి బండికీ మధ్య ఉండేది రేకే. దూర ప్రయాణాలకు నేనైతే దాన్ని సిఫార్సు చేయను. 2010లో వచ్చిన ఈకోది 1.2 లీటర్ల ఇంజను, కాస్త నయం. కొత్త కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయింది కనుక ఆ తర్వాత తయారైన బండికి పదో పరకో ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఇన్నోవాలో కూర్చుంటే రాజభోగమే. పడుకోవడానికి మాత్రం చదునైన నేల దొరకదు. ఇక టెంపో ట్రావెలర్ మీద మోజు పడేవారు ముందు తమ సందు వెడల్పు కొలుచుకోవాలి. బంధువులంతా కలిసి ఏడాదికోసారి వెళ్లే యాత్ర కోసమే అయితే దాన్ని అద్దెకు తీసుకోవడమే మేలు.

ఈ చిన్న వ్యాన్లు గతంలో ఏ వేషాలు వేశాయో కూడా చూడాలి. స్కూలు పిల్లల్ని మోసి ఉండొచ్చు, అంబులెన్సుగా తిరిగి ఉండొచ్చు. తలుపు సందుల్లో తెల్ల రంగు కింద పసుపు కనిపించినా, పైకప్పు మీద లైటు బిగించిన రంధ్రాలు పూడ్చిన ఆనవాళ్లున్నా సంగతి అర్థమైపోతుంది. ఆ రంధ్రాలే వానాకాలంలో నెత్తిన చినుకులు రాలుస్తాయి. మీటరు మీద 40 వేల కిలోమీటర్లే ఉండి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే పెడల్‌నే నమ్మండి. టైరు పక్కన చివరి నాలుగంకెలు ‘3218’ అని ఉంటే 2018లో ముప్పై రెండో వారంలో తయారైందని అర్థం. గీతలు బాగానే ఉన్నా వయసైపోయిన టైరు ఎండాకాలం హైవే మీద ప్రమాదకరం.

అన్నిటికన్నా ముఖ్యం నేల. లోపలి మ్యాట్ ఎత్తించండి. ‘కొత్తగా వేయించా సార్’ అని ఆయన నొచ్చుకున్నా సరే, ఎత్తించాల్సిందే. కాకినాడ, విశాఖల్లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లకు కిందినుంచి తుప్పు పడుతుంది. మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లి, సర్వీసింగ్ గుంట మీదికి ఎక్కించి, కింద నుంచి లైటు వేసి చూపించమనండి. పొగగొట్టం వెళ్లేది ఆ నేల కిందినుంచే. గొట్టానికి చిల్లు, నేలకు చిల్లు ఉంటే పొగ నేరుగా లోపలికొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని లేపదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి వెలువడిన ఈ వాయువే వారి ప్రాణం తీసిందని నిపుణుల పరీక్షలో తేలింది. అది లక్షల ఖరీదు చేసే బండి!

అందుకే నేల బాగున్నా సరే, ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవద్దు. చలికి అద్దాలన్నీ బిగించి లోపల స్టవ్వు, బొగ్గుల కుంపటి పెట్టడం అంతకన్నా ప్రమాదం. రెండు వైపులా అద్దాలు రెండంగుళాలు తెరిచి, దోమతెర గుడ్డ కట్టుకోవాలి. కొనేటప్పుడే మధ్య కిటికీల అద్దాలు జరుగుతున్నాయో లేదో చూడమనేది అందుకే.

కాగితాల సంగతికొస్తే, సొంత వాడకానికి తెల్ల ప్లేటు బండే తీసుకోండి. పసుపు ప్లేటుదైతే పర్మిట్ రద్దు, రవాణాశాఖ అనుమతి అంటూ చెప్పులరిగేలా తిరగాలి. ఆర్‌సీలో బ్యాంకు అప్పు ఉందేమో, తీరితే ఫారం 35 ఇచ్చారేమో చూడాలి. చలాన్లు ఎన్ని ఉన్నాయో పరివాహన్‌లో నంబరు కొడితే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2012 బండి కొంటే 2027లో మళ్లీ ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. హైదరాబాద్‌లో చవగ్గా వచ్చిందని విజయవాడ తీసుకొచ్చేవారు ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుపుకొని లెక్క వేసుకోవాలి. బీమా పేరు మార్పునకు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఈ ఒక్క పనిని ‘వచ్చే నెల చూద్దాంలే’ అని వాయిదా వేసేవారే ఎక్కువ.

కొన్నాక సీట్లు పీకించి, మంచం బిగించి, పైకప్పు కోసి కిటికీ పెట్టించాలన్న ఉబలాటం పుడుతుంది. ఆగండి. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. రేపేదైనా జరిగితే బీమా కంపెనీ ముందుగా చూసేదీ అదే. సీట్ల ఎత్తుకు సరిపడా చెక్క పలకలు కోయించుకుని, రాత్రి పరిచి పొద్దున్నే తీసేయండి. వడ్రంగికి అర పూట పని.

మొదటి రాత్రికి లంబసింగి దాకా పోనక్కర్లేదు. బండిని ఇంటి ముందే ఆపి పడుకోండి. పలక ఎక్కడ కిర్రుమంటోందో, దోమతెర ఏ మూల చాలలేదో ఆ రాత్రే బయటపడతాయి. పిల్లలకైతే పండగే. మరీ కుదరకపోతే తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోవచ్చు, తాళంచెవి మాత్రం దిండు కిందే పెట్టుకోండి.