దూరపు కొండలు

దూరపు కొండలు నునుపు అని సామెత. చిక్కబళ్ళాపురం జిల్లా బాలబాలికలకు కొండలు దూరపువి కావు. నంది కొండ, స్కందగిరి ఒక వైపు, చింతామణి దగ్గర అంబాజీదుర్గం, కైలాసగిరి మరొక వైపు ఉన్నాయి. బాగేపల్లి సీమలో గుమ్మనాయకనపాళ్యం కోట కొండ ఉంది. దగ్గరి కొండ ఎంత గరుకో పాదాలతో తెలుసుకున్నవారే మంచు కొండల నడకను సరిగా అర్థం చేసుకోగలరు.

సముద్రమట్టం నుండి నంది కొండ ఎత్తు 1478 మీటర్లు. ఎవరెస్టు దానికి సుమారు ఆరు రెట్లు. అటువంటి ఎత్తులలో బాటసారి దినచర్య తెల్లవారక ముందే మొదలవుతుంది. రాత్రి చలికి గట్టిపడిన మంచు మీద అడుగు నిలుస్తుంది. ఎండెక్కిన కొద్దీ అది మెత్తబడి కాళ్ళు దిగబడతాయి, మంచుచరియలు విరిగిపడే భయమూ పెరుగుతుంది. గుడారం, పడక, ఆహారం, పొయ్యి, ఇంధనం అన్నీ వీపు మీదే మోయాలి. చుట్టూ ఉన్నది నీరే అయినా గడ్డకట్టిన నీరు. దానిని కరిగించి తాగాలి కనుక ఇంధనం అయిపోతే దాహమూ తీరదు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది. ఎవరెస్టు శిఖరం మీద ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో మూడోవంతు మాత్రమే. తొందరపడి ఎక్కిన వానికి తలనొప్పి, వాంతులు వస్తాయి. లెక్కచేయకపోతే ప్రాణానికే ముప్పు. అప్పుడు కిందికి దిగడమే మొదటి మందు. అందుకే అనుభవజ్ఞులు వెనుదిరగవలసిన వేళను ముందే నిర్ణయించుకొంటారు. ఆ వేళ అయితే శిఖరం కనుచూపు మేరలో ఉన్నా మరలి వస్తారు.

సాహసానికి, దుస్సాహసానికి భేదం ఇక్కడే ఉంది. ముందుకు నడిపించేది సాహసమే. అయితే ఎక్కడ ఆగాలో చెప్పేది వివేకం.

నంది కొండల చెంత చెన్నకేశవ కొండలలో పుట్టిన పెన్నానది నెల్లూరు జిల్లాలోని సంగం మీదుగా సముద్రానికి చేరుతుంది. ఆ సంగం మండలంలోని గాంధీ జనసంఘం అనే పల్లెలో 1974లో మల్లి మస్తాన్ బాబు జన్మించాడు. అతడు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టుపై అసువులు బాశాడు. ఆయన విగ్రహమే మస్తాన్ బాబుకు స్ఫూర్తి అయింది. 2006లో 172 రోజులలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించిన ఈ ధీరుడు 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు.

ప్రాణాలతో చెలగాటమాడే ఈ పని పిల్లలకెందుకని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. మంచు కొండ ఎంతటి నేర్పరినైనా ఉపేక్షించదు. కాని భయపడి ఇంట కూర్చోవడం దీనికి జవాబు కాదు, శిక్షణ జవాబు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ ఒక ప్రభుత్వ సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమె భువనగిరి రాతి గుట్ట మీద తొలి పాఠాలు నేర్చింది. తరువాత డార్జిలింగ్‌లోను, లడఖ్ చలిలోను సాధన చేసింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరంపై నిలిచింది. ఊరి గుట్ట నుండి ఒక్కొక్క మెట్టుగా సాగిన సాధన ఆమెను అంత ఎత్తుకు చేర్చింది.

అందరూ ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. కాని పాఠశాలలు ఏడాదికి ఒకసారైనా ఉపాధ్యాయుల వెంట పిల్లలను కొండ నడకకు తీసుకొనిపోవాలి. ఎవరి నీరు, ఎవరి చద్ది వారే మోయాలి. వడిగా నడిచేవాడు వెనుకబడిన వాని కోసం ఆగడం నేర్వాలి. తెచ్చిన కాగితం, సీసా తిరిగి ఇంటికి తేవాలి. కొండను శుభ్రంగా ఉంచలేనివాడు ఎంత ఎత్తు ఎక్కినా దాని గౌరవాన్ని ఎరగనివాడే. శిఖరం చేరితే సగం దారే నడిచినట్లు. తోటివారందరితో క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆ నడక పూర్తవుతుంది.