ఎండ మీద వాదన సరే, సావుల లెక్కేది?

మే నెల రాంగనే ఈ వాదన మళ్ళీ మొదలైతది. టీవీ స్టూడియోలో ఏసీ కింద ఇద్దరు పెద్దమనుషులు కూసుంటరు. ఒకాయన అంటడు: "ఎండలు ఎప్పుడు లేవు? రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతయని మన తాతలు ఊరికే అన్నరా?" ఇంకొకాయన అంటడు: "ఇది వాతావరణ మార్పు. భూమి మొత్తం వేడెక్కుతున్నది. మన చేతుల ఏమున్నది?" గంట సేపు కొట్లాట. నడుమ కూలర్ల కంపెనీల ప్రకటనలు. గంట అయినంక ఇద్దరూ కార్లెక్కి పోతరు. ఆ గంటలో అడ్డా మీద నిలబడ్డ కూలీ మాట ఒక్కటి వినబడదు.

మా తగాదా ఈ ఇద్దరితోని.

ముందు మొదటాయన సంగతి. హైదరాబాద్‌లో అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు నమోదైంది 1966 జూన్ 2న. భద్రాచలంలో 1973లోనే 48 దాటింది. ఈ రెండు లెక్కలు పట్టుకొని ఆయన గెలిచినట్టే మాట్లాడుతడు. లెక్కలు నిజమే. కానీ రికార్డంటే ఒక్క దినం ముచ్చట. ఒక్కరోజు ఎండ గొడితే కాలం మారిందని మేము అనం, ఒక్క ఏడు వాన పడితే కరువు పోయిందని రైతు అనడు. చూడాల్సింది ఎన్ని రోజులు కాస్తున్నది, ఎన్నేండ్లకోసారి కాస్తున్నది, పొద్దుగూకినంక సల్లబడుతున్నదా లేదా అని.

1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024 అని చెప్పింది మేము కాదు, భారత వాతావరణ శాఖ. 1901 నుంచి 2018 దాకా దేశపు సగటు వేడి 0.7 డిగ్రీ దాకా పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక చెప్పింది. "ముప్పావు డిగ్రీకే ఇంత లొల్లా?" అంటరు. చెరువు నీళ్ళు జానెడు పెరిగితే మత్తడి ఎన్నిసార్లు ఎక్కువ దుంకుతదో ఆయకట్టు రైతును అడగండి. సగటు పెరగడమంటే అదే.

2015 మే నెల మనకు యాదికున్నది. దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బతో పోయిండ్రు. అందులో ఎక్కువ మంది రెండు తెలుగు రాష్ట్రాలోళ్ళే. ఆ ఎండల మీద శాస్త్రవేత్తలు చేసిన ఒక అధ్యయనం మరుసటేడు అచ్చయింది. వాళ్ళు పరీక్షకు తీసుకున్న ఊళ్ళు రెండు: పాకిస్తాన్‌లో కరాచీ, మన దగ్గర హైదరాబాద్. మనిషి చేసిన కాలుష్యం వల్ల అట్లాంటి వేడి, ఉక్క వచ్చే అవకాశం రెండు చోట్లా బాగా పెరిగిందని తేల్చిండ్రు. ఇంకేం రుజువు గావాలె?

అట్లని ప్రతి ఎండకూ ఒకటే ముద్ర గుద్దితే కుదరదు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు వచ్చింది. అందరూ వాతావరణ మార్పే అన్నరు. పరిశోధకులు పాత లెక్కలు తీసి చూస్తే అక్కడి అత్యధిక ఉష్ణోగ్రతల్లో పెరుగుదల కనబడలేదు. ఎందుకు? గాలిలో దుమ్ము, పొగ సూర్యరశ్మిని కొంత ఆపుతున్నయి, కాలువల కింద తడిసిన భూములు గాలిని కొంత సల్లబరుస్తున్నయి కావచ్చన్నరు. అంటే మన ఊపిరితిత్తుల్ని పాడుచేసే పొగనే మన ఎండను కొంత దాస్తున్నదన్నట్టు! రేపు ఆ పొగ తగ్గితే దాగిన వేడి బయటపడుతది. మొదటాయన ఈ అధ్యయనాన్ని చూపించి సంబురపడితే, సగం చదివి సంబురపడ్డట్టే.

ఇగ రెండో ఆయన. ఈయన చెప్పేది సైన్సు, చేసేది తప్పించుకునుడు. సముద్రాల అవతల దేశాలు పొగ వదిలినయి, మేమేం చేస్తం అంటడు. మన దేశంలో తలసరి కాలుష్యం ప్రపంచ సగటులో సగం కూడా లేదన్నది నిజమే, అమెరికా ముంగట మనది ఏపాటిది? కానీ నగరంలో చెరువులు పూడ్చింది అమెరికా వచ్చి కాదు గదా. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి రాత్రిపూట కూడా జేసీబీలు పోయింది ఏ కార్బన్ ఒప్పందం ప్రకారం? విశ్వవిద్యాలయ విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలబడితే, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపితే తప్ప ఆ నరుకుడు ఆగలేదు. చెట్టు గొట్టేటప్పుడు అభివృద్ధి, ఎండ గొట్టేటప్పుడు భూగోళం! ఈ రెండు నాలుకలు మాకు కొత్త గాదు.

అసలు ముచ్చటకొస్తం. 2003లో రెండు చోట్ల ఎండ మనుషుల్ని చంపింది. మే, జూన్‌లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా పోయిండ్రు. ఆగస్టులో యూరప్‌లో పోయిండ్రు. ఫ్రాన్స్ వాళ్ళు ఏం చేసిండ్రు? వడదెబ్బ అని కాగితం ఉన్నోళ్ళనే లెక్కబెట్టలేదు. ఆ దినాల్లో మామూలుగా ఎంతమంది పోతరు, ఈ ఏడు ఎంతమంది పోయిండ్రు అని తీసి చూసిండ్రు. తేడా దాదాపు 15 వేలు. యూరప్ మొత్తంలో 70 వేలు దాటింది. అక్కడ సర్కారు మీద దుమారం లేచింది, హెచ్చరికల పద్ధతి వచ్చింది. 2004లోనే శాస్త్రవేత్తలు లెక్కగట్టి, అట్లాంటి ఎండాకాలం వచ్చే ముప్పును మనిషే కనీసం రెండింతలు చేసిండని చెప్పిండ్రు. మన వెయ్యి మంది? పత్రికల్లో జిల్లాల వారీ పట్టిక. తొలకరి పడంగనే అదీ బంద్.

మన దగ్గర లెక్క ఎట్ల జరుగుతదో ఉద్యోగ మిత్రులకు బాగ తెలుసు. మండలంలో తహసీల్దారు, ఎస్ఐ, డాక్టరు కలిసిన త్రిసభ్య కమిటీ. ముగ్గురూ అవునంటేనే వడదెబ్బ సావు. కానీ ఎండ చంపే తీరు వేరు. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి, తెలివి తప్పి, దవాఖానకు చేరినోడు ఒక్కడైతే, గుండె ఆగి, కిడ్నీలు చెడి ఇంట్లనే పోయెటోళ్ళు ఎందరో. పొద్దంత ఉపాధి పనిలో తట్ట మోసి, రేకుల ఇంట్లకు వచ్చి, అన్నం వద్దు సల్ల చాలని తాగి పండుకున్న మనిషి తెల్లారి లేవడు. పోస్టుమార్టం ఎవరడుగుతరు? ఎండకు శవం ఆగదని మధ్యాహ్నం లోపల్నే కార్యం చేస్తరు. కాగితంలో గుండెపోటు. కమిటీ వచ్చేసరికి బూడిద మిగులుతది.

సర్కారు చెప్పే 42, 43 డిగ్రీలు కూడా గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నీడలో పెట్టిన థర్మామీటర్ చెప్పేది. ఓపెన్‌కాస్ట్ గని అడుగున నిలబడ్డోనికి, చౌరస్తాలో తారు మీద నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు, ఇంజన్ పక్కన కూసున్న ఆర్టీసీ డ్రైవరన్నకు ఆ నీడ ఏది? మైదాన ప్రాంతంలో 40 దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటేనో, సీదా 45 దాటితేనో వాతావరణ శాఖ వడగాలులంటది. రామగుండంలో మామూలే మండేటట్టుంటే, దానికన్నా నాలుగున్నర పెరిగేదాక ఎనిమిది గంటలు ఎండలో ఉండే ఒళ్ళు ఆగుతదా?

2025 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు వడగాలుల్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. సావుకు నాలుగు లక్షల పరిహారం అన్నది. అంతకుముందు ఆపద్బంధు కింద ఇచ్చేది 50 వేలే. ఉత్తర్వు మంచిదే, కాదనం. కానీ గేటు కాడ నిలబడ్డది అదే త్రిసభ్య కమిటీ. పరిహారం ఎనిమిదింతలైంది, రుజువు చేసుకునే తొవ్వ మాత్రం గజం కూడా వెడల్పు కాలేదు. ఇగ ఢిల్లీ సంగతి చెప్పనే అక్కరలేదు. జాతీయ విపత్తుల జాబితాలో వడగాలుల్ని చేర్చుమని రాష్ట్రాలు అడిగితే, ఉన్న జాబితా చాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. రాష్ట్ర నిధిలోంచి పదో వంతు లోపల వాడుకోండన్నది.

లెక్కబెట్టడం చేతగాని పనేం గాదు. అహ్మదాబాద్‌లో 2010 మే ఎండలకు మామూలు కన్నా 1,344 మంది ఎక్కువ చనిపోయిండ్రని మరణాల రిజిస్టర్లు తీసే తేల్చిండ్రు. ఆ లెక్క ముంగట పెట్టుకొనే 2013లో ఆ నగరం ఎండల ప్రణాళిక చేసుకున్నది. రిజిస్టర్లు మన దగ్గర లేవా? ప్రతి పంచాయతీలో ఉన్నయి, ప్రతి మున్సిపాలిటీలో ఉన్నయి. తీసి చూసే మనసు లేదు.

అందుకే విద్యార్థి మిత్రులకు మా మనవి. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పదేండ్ల ఏప్రిల్, మే, జూన్ మరణాలు, వయసు, తారీఖుతో సహా అడగండి. గ్రామ పంచాయతీకి పెట్టే దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. ఇయ్యమంటే మండలంలో అప్పీలు చేయండి. వచ్చిన కాగితాల నకలు మాకు పంపండి, ఊరి పేరుతో సహా అచ్చేస్తం. రిజిస్టర్ చూపించే పంచాయతీ కార్యదర్శి మీద కోపం జేయకండి, ఆయన కూడా అదే ఎండలో తిరిగెటోడే.