ఒకే మాత్ర... రెండు గుణాలు!

రొమ్ము క్యాన్సర్‌ ఆపరేషన్‌ అయ్యాక చాలామంది మహిళలకు డాక్టర్లు టామాక్సిఫెన్‌ మాత్ర రాస్తారు. ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వేసుకోమంటారు. జబ్బు మళ్లీ తలెత్తకుండా అది కాపలా కాస్తుంది. ఆ చీటీ చేతికిస్తూనే డాక్టర్‌ మరో మాట కూడా చెబుతారు. ‘నెలసరి ఆగిపోయాక రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే రండమ్మా’ అని. రొమ్ములో కణితిని అణిచే ఆ మాత్రే గర్భసంచి లోపలి పొరను పెంచవచ్చు. అరుదుగానైనా అక్కడ క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

ఇదెక్కడి చోద్యం? ఒకే మందు ఒకచోట మంటనార్పుతూ, ఇంకోచోట ఎగదోయడమేమిటి?

అది తెలియాలంటే ముందు ఈస్ట్రోజెన్‌ సంగతి చూడాలి. అండాశయాల్లో పుట్టే ఈ హార్మోన్‌ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. అన్ని కణాల తలుపులూ తడుతుంది గానీ కొన్నే పలుకుతాయి. ఎందుకలా అన్న సందేహం షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్‌వుడ్‌ జెన్సన్‌కి వచ్చింది. 1950ల చివర్లో ఆయన రేడియోధార్మిక ట్రిటియం కలిపిన ఈస్ట్రోజెన్‌ను ఎలుకలకిచ్చి చూశారు. గర్భసంచి వంటి చోట్ల అది నిలిచిపోయింది. అంటే దాన్ని ఒడిసిపట్టే ప్రొటీన్‌ ఏదో అక్కడ ఉందన్నమాట. అదే గ్రాహకం, డాక్టర్ల భాషలో రిసెప్టర్‌. ఈ కుటుంబానికి చెందిన గ్రాహకాలు మనిషిలో 48 ఉన్నాయి. థైరాయిడ్‌ హార్మోన్‌కీ, కార్టిజాల్‌కీ, విటమిన్‌ డికీ కూడా వీటిలో గ్రాహకాలున్నాయి.

హార్మోన్‌ వచ్చి అతుక్కోగానే గ్రాహకం రూపు మారి డీఎన్‌ఏ మీద తన చోట కూర్చుంటుంది. జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది. చాలాకాలం శాస్త్రవేత్తలు చెప్పుకున్న కథ ఇంతే. కానీ ఒంటి చేత్తో చప్పట్లు కొట్టగలమా? 1989లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పియరీ షాంబాన్‌ బృందం ఒక విచిత్రం గమనించింది. కణంలో ఒక గ్రాహకాన్ని ఎక్కువగా పెడితే మరో గ్రాహకం పని మందగించింది. ఊళ్లో ఉన్న ఒక్క వంటమనిషినీ రెండు పెళ్లిళ్లవాళ్లు పిలిచినట్టు! గ్రాహకాలన్నిటికీ కావలసిన సహాయకులెవరో ఉన్నారని, వాళ్ల సంఖ్య పరిమితమని అర్థమైంది.

ఆ సహాయకుల్లో ఒకటి 1995లో దొరికింది. అమెరికాలో హ్యూస్టన్‌లోని బేలర్‌ వైద్య కళాశాలలో బెర్ట్‌ ఓమాలీ బృందం దాన్ని పట్టుకుంది. పేరు ఎస్‌ఆర్‌సీ-1. తర్వాత దాని తోబుట్టువులు ఎస్‌ఆర్‌సీ-2, ఎస్‌ఆర్‌సీ-3 కూడా బయటపడ్డాయి. వీటిలో మూడోదాని జన్యువు కొన్ని రొమ్ము కణితుల్లో ఉండాల్సినదానికంటే ఎక్కువ ప్రతులుగా పెరిగిపోయి ఉందని 1997లో తేలింది.

ఇంతకీ ఈ సహాయకులు చేసేదేమిటి? ఒక్కో కణంలో సుమారు రెండు మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది. కండెకు దారం చుట్టినట్టు అది హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. ఆ బిగువు మీద జన్యువును చదవడం కష్టం. హార్మోన్‌ అతుక్కున్న గ్రాహకం మీద చిన్న గాడి ఏర్పడుతుంది. సహాయక ప్రొటీన్‌ వచ్చి అందులో కూర్చుంటుంది. తనతోపాటు పీ300 వంటి ఎంజైములను వెంటబెట్టుకొస్తుంది. అవి హిస్టోన్లకు ఎసిటైల్‌ ముక్కలు తగిలిస్తాయి. దాంతో హిస్టోన్ల ధనావేశం తగ్గి, రుణావేశమున్న డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. దారం వదులై, జన్యువును చదివే యంత్రానికి చోటు దొరుకుతుంది.

దీనికి విరుగుడు పనివాళ్లూ ఉన్నారు. వాటిని నిరోధక ప్రొటీన్లు అనుకుందాం. అవి ఎసిటైల్‌ ముక్కలను పీకేయించి దారాన్ని మళ్లీ బిగిస్తాయి.

ఇప్పుడు మన మాత్ర దగ్గరికొద్దాం. టామాక్సిఫెన్‌ కూడా ఈస్ట్రోజెన్‌ గ్రాహకానికే అతుక్కుంటుంది. అయితే అప్పుడు గ్రాహకంలోని ఒక భాగం వంగి, సహాయకులు కూర్చోవాల్సిన గాడిలో తానే పడుకుంటుంది. 1998లో తీసిన స్ఫటిక చిత్రాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. రొమ్ము కణాల్లో సహాయకులకు చోటు లేక, నిరోధకులు వచ్చి చేరతాయి. జన్యువులు మూతపడతాయి.

మరి గర్భసంచిలో? గ్రాహకానికి రెండో చివర ఇంకో పట్టు ఉంది. ఆ గాడి మూసుకుపోయినా సహాయకులు ఇటునుంచి చేరే వీలుంది. 2002లో బోస్టన్‌ శాస్త్రవేత్తలు యోంగ్‌ఫెంగ్‌ షాంగ్‌, మైల్స్‌ బ్రౌన్‌ దీన్ని పరీక్షించారు. గర్భసంచి పొర కణాల్లో టామాక్సిఫెన్‌ కొన్ని జన్యువుల దగ్గరికి సహాయకులనే రప్పించింది. అది జరగాలంటే ఆ కణంలో ఎస్‌ఆర్‌సీ-1 దండిగా ఉండాలి. ఎముకల బలానికి వాడే రాలాక్సిఫెన్‌ మాత్రం అక్కడ అలా చేయలేదు. చూశారా, మాత్ర అదే, గ్రాహకమూ అదే. తేడా అంతా కణంలో ఎవరు కాచుకుని ఉన్నారన్నదాంట్లోనే!

ఇదంతా చదివి భయపడి మాత్ర మానేయకండి. ఈస్ట్రోజెన్‌ గ్రాహకం ఉన్న కణితుల విషయంలో, ఎక్కువమందికి దాని మేలు ముందు ఆ ముప్పు చిన్నదే. నెలసరి ఆగాక రక్తపు మరక కనిపిస్తే సిగ్గుపడో, ‘ఏముందిలే’ అనుకునో దాచవద్దు. డాక్టర్‌కు చెప్పండి. ఇంట్లో అమ్మో అత్తగారో ఈ మాత్ర వేసుకుంటుంటే, ఈ ఒక్క ముక్కా వాళ్ల చెవిన వేయండి.