‘రైసర్’ అనే మాట గురించి సెమా సంస్థకు బహిరంగ లేఖ

కాలిఫోర్నియాలోని డైమండ్ బార్‌లో ప్రధాన కార్యాలయం గల స్పెషాలిటీ ఎక్విప్‌మెంట్ మార్కెట్ అసోసియేషన్, సంక్షిప్తంగా సెమా, అధ్యక్షులకు, పాలకమండలి సభ్యులకు.

కారు ఫ్యాక్టరీ గేటు దాటిన తరువాత యజమాని తన అభిరుచి కొద్దీ దానికి అమర్చుకొనే విడిభాగాల వ్యాపారాన్ని ఆఫ్టర్‌మార్కెట్ అంటారు. 1963లో ఏర్పడి, ఏటా లాస్ వేగాస్‌లో భారీ ప్రదర్శన జరిపే సెమా అమెరికాలో ఆ వ్యాపారానికి ప్రతినిధి కనుక, కార్ల ప్రియుల వాడుకలో పాతుకుపోయిన ‘రైసర్’ అనే మాటపై అభ్యంతరం మొదట చేరవలసిన చోటు కూడా అదే. వేగానికి అక్కరకు రాని హంగులతో, అంటే డిక్కీ మీద ఎత్తయిన రెక్క, రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్లు మోగే లావుపాటి సైలెన్సర్, చోటు దొరికిన ప్రతిచోటా అంటించిన స్టిక్కర్ల వంటి వాటితో నిండిన కారునూ దాని యజమానినీ వెక్కిరించడానికి ఈ మాటను వాడతారు.

దీనిని సమర్థించేవారు ఇందులోని ‘రైస్’ అనేది ‘రేస్ ఇన్‌స్పైర్డ్ కాస్మెటిక్ ఎన్‌హాన్స్‌మెంట్’ అనే పదబంధపు తొలి అక్షరాల కూర్పు మాత్రమేనని, పందెపు కార్లను చూసి చేసుకొన్న పైపై అలంకారమనే దానికి అర్థమని, జాతి ప్రసక్తి ఇందులో లేదని చెబుతారు. కాలక్రమం ఈ వాదానికి అడ్డుపడుతుంది. 1959లో లాస్ ఏంజెలిస్‌లో దుకాణం తెరిచిన హోండా, 1969 నాటి సీబీ750 మోడల్‌తో పెద్ద మోటార్‌సైకిళ్ల విపణిలోనూ పాతుకుపోయిన కాలంలో, జపాన్ బండ్లకు ‘రైస్ బర్నర్’ అనే పేరు వాడుకలోకి వచ్చింది. పెట్రోలుకు బదులు బియ్యం మండించుకొని నడిచే బండి అన్నది అందులోని హేళన. ఆ మాట తరువాత కార్లకు పాకి, కురచబడి, రైసర్ అయింది. అక్షరాల కూర్పు కథ ఎదిగిన బిడ్డకు కొత్త ఇంటిపేరు తగిలించడం వంటిది.

రెక్కనే తీసుకొంటే సంగతి మరింత తేటపడుతుంది. 1970 నాటి ప్లిమత్ సూపర్‌బర్డ్ కారుకు వెనుక నిలబెట్టిన రెక్క నాస్కార్ పందెపు బాటపై గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమి ఉంచడానికి పుట్టినదే గాని, అదే కారు వీధిలో పాల ప్యాకెట్ కోసం వెళ్లినప్పుడు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. అయినా అది నేడు సంగ్రహకులు పోటీపడి కొనే అపురూప వస్తువు. 1959 కాడిలాక్ తోక రెక్కలకు ఆ మాత్రం సాకు కూడా లేదు, అవి కేవలం రాకెట్ యుగపు సోకు. ఆ సోకును అమెరికా కార్ల రాజధాని డెట్రాయిట్ జనం తినే రొట్టె పేరుతో ఎవరూ వెక్కిరించలేదు. హోండా సివిక్ కారుకు రెక్క తగిలించినప్పుడు మాత్రం తప్పును రెక్కలో గాక కంచంలో వెతికారు.

పైగా ఆ కంచం ఎవరిదో కూడా ఈ మాటకు పట్టదు. జపాన్ బండికి పుట్టిన వెక్కిరింత కొరియా హ్యుందాయ్‌కీ అంటుకొంది. ఇటువంటి పట్టనితనం ఎంత దూరం వెళ్లగలదో డెట్రాయిట్‌కు తెలుసు. జపాన్ దిగుమతుల పోటీలో అక్కడి కార్మికులు ఉద్యోగాలు పోగొట్టుకొంటున్న 1982లో, చైనా సంతతికి చెందిన ఇరవై ఏడేళ్ల విన్సెంట్ చిన్‌పై, క్రైస్లర్ కార్ల కంపెనీలో సూపర్‌వైజర్ అయిన ఒక వ్యక్తి, లే-ఆఫ్ అయిన అతని సవతి కొడుకు కలిసి దాడిచేయగా, బేస్‌బాల్ బ్యాటు దెబ్బలకు చిన్ మరణించాడు. మిషిగన్ న్యాయస్థానం వారిద్దరికీ జైలు లేకుండా మూడేళ్ల ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా వేసి వదిలింది. ఆ హత్యకు కారు ప్రియుల యాసే కారణమని చెప్పడం అన్యాయమే అవుతుంది, అయితే ఆ యాస పెరిగినది ఆ గాలిలోనే.

‘అన్నం తిన్నారా’ అన్నదే కుశలప్రశ్నగా గల తెలుగువారికి బియ్యం తిట్టుగా మారడం వింతగానే తోస్తుంది. అమెరికాలో ‘కర్రీ’ అనే ఎగతాళిని వారూ ఎదుర్కొన్నవారే. అలాగని తెలుగువారి నోరు కడిగిన ముత్యమేమీ కాదు, నాలుగు రోజులకే పాడయ్యే ప్రతి వస్తువునూ ‘చైనా పీసు’ అనడం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ నిత్యం వినిపించేదే.

ఇప్పుడు శ్వేతజాతి కుర్రవాడి కారునూ ఈ మాటతోనే వెక్కిరిస్తారన్నది నిజమే; అమెరికా తయారీ కార్లకూ అది అంటిస్తారు. దానివల్ల మాట పదును తగ్గిందని కొందరు అంటారు గాని, ‘ఆసియావాడి కారులా ఉంది’ అనడమే ఇతరులకు కూడా తిట్టుగా పనిచేస్తున్నదంటే తగ్గినదేమిటో తెలియదు. కాలిఫోర్నియాలో దిగుమతి కార్ల పందేలను పెంచి పోషించిన ఆసియా సంతతి యువకుల్లో కొందరు తమలో తాము దీనిని సరదాగా వాడుకొంటారు, అది వారి హక్కు. ఆ సరదాను ప్రదర్శనశాల గోడ మీదికి ఎక్కించడం మరొకరి హక్కు కాదు.

ఏ పదాన్నీ నిషేధించమని ఈ లేఖ కోరడం లేదు. అతకని బాడీ కిట్‌ను, అంటే కారు చుట్టూ తొడిగే అలంకారపు తొడుగును, అతకలేదని అంటే సరిపోతుంది. పనికిరాని రెక్క పనికిరానిదని రాస్తే విమర్శ మరింత సూటిగా తగులుతుంది. నివాసుల్లో సగానికి పైగా ఆసియా సంతతివారే ఉన్న ఊరిలో కార్యాలయం పెట్టుకొన్న సంస్థ, తన ప్రచురణల్లో, వాహనాలకు బహుమతులిచ్చేటప్పుడు రాసే వ్యాఖ్యల్లో ఈ మాటను దూరంగా ఉంచాలని, వచ్చే లాస్ వేగాస్ ప్రదర్శనకు స్టాళ్లు తీసుకొనే కంపెనీలు సంతకం చేసే నియమావళిలో, జాతిని హేళన చేసే పేర్లతో స్టిక్కర్లు, చొక్కాలు అమ్మరాదన్న ఒక్క వాక్యం చేర్చాలని విన్నపం.

ఇట్లు,
ఒక తెలుగు వ్యాసకర్త